పెరటి పక్షులకు మేత – 4వ పాఠం: తీపి ఏ పక్షికి తగినది?

కిందటి పాఠంలో ముక్కు ఆకారాన్ని బట్టి పక్షి ఆహారాన్ని అంచనా కట్టడం నేర్చుకున్నాము. ఆ నేర్పు ఈ పాఠానికి తప్పనిసరి, ఎందుకంటే తీపి పెట్టవచ్చునా అనే ప్రశ్నకు జవాబు దానిని తినబోయే పక్షి పేగులో ఉంది.

మనం వాడే పంచదార రసాయన నామం సుక్రోజ్. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు జతకూడి ఏర్పడిన పదార్థం కనుక, పేగు గోడలోని సుక్రేజ్ అనే ఎంజైము ఆ జతను విడగొడితే తప్ప అది రక్తంలోకి చేరదు. పువ్వుల మకరందంపై బతికే హమ్మింగ్ బర్డ్‌లకు, తేనెపిట్టలకు సుక్రోజ్‌ను అరిగించుకునే శక్తి బాగా ఉంటుంది. గోరింకల కుటుంబానికి చెందిన స్టార్లింగ్ పక్షికి మాత్రం ఆ ఎంజైము లేదు; దాని పేగులో అరగకుండా నిలిచిన పంచదార నీటిని లాక్కుని విరేచనాలు కలిగిస్తుంది. అదే స్టార్లింగ్ మాగిన పండును మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా తింటుంది, ఎందుకంటే పక్షులు ఇష్టపడే చాలా పండ్లలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అప్పటికే విడివిడిగా ఉంటాయి. మన నాలుకకు రెండూ ఒకే తీపి కావచ్చు గాని, ఆ పేగుకు ఒకటి ఆహారం, మరొకటి బాధ. ఈ పాఠంలో మరేది మరచినా ఈ తేడాను మరవవద్దు.

గింజలు తినే పిచ్చుకలు, పావురాల విషయం వేరు. కేకు, బిస్కెట్టు ముక్కలు వాటి పొట్ట నింపుతాయి. కాని ఈకలకు కావలసిన మాంసకృత్తులను, ఎముకలకు కావలసిన కాల్షియంను తగినంత ఇవ్వవు. గింజలు తినే పిచ్చుక కూడా తన పిల్లలకు పురుగులనే ఎక్కువగా తెచ్చి పెడుతుందంటే, ఎదిగే వయసులో మాంసకృత్తుల అవసరం ఎంతటిదో ఊహించవచ్చు. అందువల్ల పిల్లలను పెంచే కాలంలో తీపి తినుబండారాలను పూర్తిగా మానివేయడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ పక్షులకు విషం కనుక దానిని ఏ కాలంలోనూ పెట్టకూడదు.

మీ పెరటికి మకరందం తాగే హమ్మింగ్ బర్డ్‌లు వస్తున్నట్లయితే చక్కెర నీళ్లు తయారుచేయవచ్చు. ఒక కప్పు తెల్లని పంచదారను నాలుగు కప్పుల నీటిలో పూర్తిగా కరిగించి, చల్లారిన తరువాత పాత్రలో పోయాలి. తేనె సహజమైనదే కదా అని చాలామంది దానిని కలుపుతారు; కాని నీటిలో కలిపిన తేనె త్వరగా పులిసి, బూజుకు నెలవవుతుంది. శుద్ధి చేయని చక్కెరలో ఇనుము ఎక్కువ కనుక అదీ ఈ పక్షులకు తగదు. కృత్రిమ తీపి పదార్థాలలో పక్షికి పనికివచ్చే శక్తి లేదు. ఎర్ర రంగు కలపనక్కరలేదు, పాత్రకు ఎర్రని మూత ఉంటే చాలు. ఎండాకాలంలో రెండు రోజులకు ఒకసారి నీళ్లు పారబోసి, పాత్రను వేడినీటితో తోమి మళ్లీ నింపాలి. అంత ఓపిక లేనివారు పాత్రను వేలాడదీయకుండా, మకరందమిచ్చే పూలమొక్కను నాటడం మేలు. మకరందం తాగే పక్షులు కూడా మాంసకృత్తుల కోసం చిన్న పురుగులను, సాలెపురుగులను పట్టి తింటాయి కనుక, ఆ మొక్కలపై పురుగుమందు చల్లవద్దు.

ఈ వారం అభ్యాసం: ఉదయం అరగంట సేపు పెరటిలో కూర్చుని, వచ్చిన ప్రతి పక్షి పేరు, ముక్కు ఆకారం, అది తిన్న పదార్థం నోటు పుస్తకంలో రాయండి. ఏడవ రోజున ప్రతి పేరు పక్కన పండు, మకరందం, గింజ, పురుగు అనే నాలుగు మాటలలో తగినవి చేర్చండి. మకరందం అని రాయవలసిన పేరు ఒక్కటీ లేకపోతే చక్కెర నీళ్ల పాత్ర కొనవలసిన పని లేదు. వచ్చే పాఠంలో పండ్లను ఎలా కోసి, ఎంతసేపు ఉంచి, ఎప్పుడు తీసివేయాలో చూద్దాము.