షాంఘైలో పద్నాలుగు మందిమీ చెదిరిపోకుండా

పదమూడు మంది బంధువులను దగ్గరుండి షాంఘై చూపించి తీసుకొచ్చాను, నాతో కలిపి పద్నాలుగు మందిమి. వారిలో ఆరుగురు అరవై దాటినవారే. ఏ టవరు ఎక్కాలో అక్కడికి వెళ్లాక కూడా తేల్చుకోవచ్చు. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో మాత్రం హోటల్ గడప దాటకముందే అందరికీ తెలిసి ఉండాలి.

అక్టోబర్ 1న మొదలయ్యే జాతీయ దినోత్సవ సెలవుల్లో వెళ్లకండి, చైనా దేశమంతా ప్రయాణాల్లోనే ఉంటుంది. చైనాలో డబ్బు కట్టడానికి వాడే యాప్‌లు అలీపే, వీచాట్ రెండూ బయలుదేరే ముందే ఫోన్లలో వేసుకుని, బ్యాంకు కార్డు జతచేసుకోండి. కనీసం ముగ్గురి ఫోన్లలో ఉండాలి, ఎందుకంటే చిన్న పండ్ల దుకాణంలో కూడా డబ్బు కట్టేది క్యూఆర్ కోడ్‌తోనే. హోటల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ మ్యాప్స్ పనిచేయవు కాబట్టి అందరూ వీచాట్‌లో ఒక గ్రూపు పెట్టుకోవాలి. చైనా లిపిలో హోటల్ చిరునామా ఉన్న కార్డు ప్రతి ఒక్కరి జేబులో ఉండాలి. దాని వెనక మీ ఫోను నంబరు రాసి ఇవ్వండి.

ఇక మెట్రో. టికెట్ 3 యువాన్ల నుంచి మొదలవుతుంది. ప్రతి స్టేషన్లోనూ సంచులు తనిఖీ యంత్రంలో పెట్టాల్సిందే, ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి. 1, 2, 8 లైన్లు కలిసే పీపుల్స్ స్క్వేర్‌లో “బయట కలుద్దాం” అనుకుంటే ఎవరూ ఎవరికీ దొరకరు. ద్వారం నంబరు చెప్పుకోవాలి.

మేం ఇద్దరిద్దరం చొప్పున ఏడు జతలయ్యాం. నేను లెక్కపెట్టింది మనుషులను కాదు, జతలను. ఇంకో నియమం: రైలెక్కలేకపోయినవారు అక్కడే నిలబడాలి, ఎక్కినవారు తర్వాతి స్టేషన్లో దిగాలి, వారిలో ఒక్కరే వెనక్కి వెళ్లాలి. నాన్‌జింగ్ ఈస్ట్ రోడ్ స్టేషన్లో తలుపులు మూసుకుని మా పిన్ని ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. మేం లూజియాజుయ్‌లో దిగాం, నేను వెనక్కి వెళ్లాను. ఆ అద్దాల తలుపు ముందే, సంచి రెండు చేతులతో పట్టుకుని, ఒక్క అడుగు కదలకుండా నిలబడి ఉంది. ఆమెకు చైనా భాషలో ఒక్క మాట రాదు. ఆ నియమమే కాపాడింది.

హువాంగ్‌పు నది ఒడ్డునున్న నడకదారి బండ్ మీద కలుసుకోవడానికి చెన్ యీ విగ్రహాన్ని మించిన చోటు లేదు. 1949 తర్వాత ఆయన ఈ నగరానికి తొలి మేయరు. నాన్‌జింగ్ రోడ్డు నదిని చేరే చోటే, ఎత్తుగా, దూరం నుంచే కనిపిస్తాడు. యూయువాన్ అనే పాత తోట దగ్గర తొమ్మిది మలుపుల వంతెన మీద మాత్రం ఆగి ఫోటోలు వద్దు. జనం తోపులాటలో జతలు విడిపోతాయి.

షాంఘై టవర్ ఎత్తు 632 మీటర్లు. కింద నిలబడి తల ఎత్తితే కొస కనిపించకపోతే ఆ రోజు టికెట్ కొనకండి, పైనుంచి మీకూ మబ్బులే కనిపిస్తాయి.

ఓపిక తగ్గినవాళ్లకు హువాంగ్‌పు నది దాటించే మామూలు ఫెర్రీ చాలు. టికెట్ 2 యువాన్లు. చీకటి పడగానే ఎక్కించండి, ఇటు బండ్ పాత భవనాలు, అటు పుడాంగ్ టవర్లు దీపాలతో కనిపిస్తాయి. మా పిన్ని దిగగానే, మళ్లీ ఎక్కుదామా అని అడిగింది. ఎక్కాం, ఏడు జతలమూ.