తప్పిపోయినవారి ఇంటికి – 5వ పాఠం: గడప దగ్గర మొదటి మాట

ఆరాధనకు రావడం మానుకున్నవారి పేర్లు రాసుకొని, వారికోసం వారంపాటు ప్రార్థించమని గత పాఠంలో చెప్పుకున్నాం. ఆ పట్టికలో మొదటి పేరు గలవారి ఇంటికి ఈ వారం వెళ్ళాలి. వెళ్ళి ఏమి మాట్లాడాలన్నది, అంతకన్నా ముఖ్యంగా ఏమి మాట్లాడకూడదన్నది ఈ పాఠం.

ముందుగా యోహాను సువార్త 21వ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవండి. ప్రభువైన యేసును ఎరుగనని ఆయన శిష్యుడు పేతురు బొంకింది ప్రధానయాజకుని ముంగిట, చలి కాచుకోవడానికి వేసిన నిప్పుల దగ్గర (18:18). ఇప్పుడు, ప్రభువు మృతులలోనుండి లేచిన తరువాత, తిబెరియ సముద్రపు ఒడ్డుకు చేరేసరికి మళ్ళీ నిప్పులే ఎదురయ్యాయి. బొగ్గుల నిప్పును సూచించే ఆ గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లనే కనిపిస్తుంది. పేతురుకు తన తప్పు గుర్తుకు రావడానికి ఆ పొగ వాసన ఒక్కటే చాలు. అయినా ప్రభువు ఆ ఊసెత్తలేదు. శిష్యులు పడవలో ఉండగా ఆయన అడిగింది తినడానికి ఏమైనా ఉందా అని. ఒడ్డుకు వచ్చాక చెప్పింది పట్టిన చేపలు తెమ్మని, ఆపైన భోజనం చేయమని. మూడుసార్లు అడిగిన ఆ ప్రశ్న 15వ వచనంలో గాని మొదలు కాదు. ఆ వచనం ‘వారు భోజనము చేసిన తరువాత’ అంటూ ఆరంభమవుతుంది. ఆ మాటల కింద గీత గీసుకోండి. అప్పుడైనా ఆయన అడిగింది ‘ఎందుకు బొంకితివి’ అని కాదు, ‘నన్ను ప్రేమించుచున్నావా’ అని.

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక సహోదరుడు నెలల తరబడి గుడికి రాకపోతే, ఒక ఆదివారం సాయంత్రం బైబిలు చంకన పెట్టుకొని వెళ్ళాను. అప్పుడే పనినుంచి వచ్చినట్టున్నాడు, రాతి బురద ఆరి అతని కాళ్ళు మోకాళ్ళ వరకు బూడిదరంగులో ఉన్నాయి. కాళ్ళు కడుక్కోనైనా ఇవ్వకుండా, ‘గుడికి ఎందుకు రావడం లేదప్పా?’ అని గడపలోనే అడిగేశాను. అతడు చెంబు కింద పెట్టి, ‘ఇన్ని నెల్లకు గుర్తుకొస్తిమా అన్నా? మా అమ్మ పోయినప్పుడు యాడుంటిరి?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. రెండోసారి బైబిలు లేకుండా, పొద్దున్నే వెళ్ళాను. ఆ ఇల్లాలు ఉగ్గాని పెట్టింది. వాళ్ళమ్మ గురించి అతడు చెబుతూ ఉంటే గంటసేపు విన్నాను. గుడి మాట ఇద్దరం ఎత్తలేదు.

అలా ఏమీ అడగకుండా తిరిగి రావడం చేతగానితనం కాదా అని కొందరికి తోచవచ్చు. ఆశ అనే అర్థంలో మన తెలుగు బైబిలు ఎంచుకున్న ‘నిరీక్షణ’ అనే మాటలోనే ఎదురుచూపు ఉంది. ‘మనము చూడనిదానికొరకు నిరీక్షించినయెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము’ అని రోమీయులకు 8:25 చెబుతుంది. ఫలితం ఆ పూటే కనబడాలని పట్టుబట్టేవాడు ఎదుటివాణ్ణి నిలదీస్తాడు. దేవుడు ఆ మనిషిని విడిచిపెట్టలేదని నమ్మినవాడు తిని, విని, మళ్ళీ వస్తానని చెప్పి లేస్తాడు.

ఇక అభ్యాసం. గడప దగ్గర మీరు పలకబోయే మూడు వాక్యాలను నోటుపుస్తకంలో రాయండి. ‘ఎందుకు’ అనే మాట ఉన్న వాక్యాన్ని కొట్టివేయండి. ‘అందరూ అడుగుతున్నారు’ అన్నదానిని కూడా కొట్టివేయండి, అది చాలాసార్లు నిజం కాదు. మిగిలినదానిని ఇంట్లోవారి ఎదుట పైకి పలికి చూడండి. పోలీసు విచారణలా వినబడితే వారే చెబుతారు. తరువాత ఒంటరిగా గాని, ఒకరిద్దరితో గాని వెళ్ళండి, ముగ్గురికి మించవద్దు. పెట్టింది తినండి. వారు ప్రార్థన చేయమంటే క్లుప్తంగా చేయండి. అడగకపోతే దారిలో చేసుకోండి.

సంఘంలోనివారే చేసిన అన్యాయంవల్ల దూరమైనవారి ఇంటికి ఎలా వెళ్ళాలో 6వ పాఠంలో చూద్దాం. అప్పటికి గలతీయులకు 6:1 చదివి, అందులోని ‘తన విషయమై చూచుకొనుచు’ అనే మాటలు ఎవరికి వర్తిస్తాయో రాసి ఉంచండి.