డీడ్ బీరువాలో ఉంటే చాలదు

టెక్సస్‌లో సొంతిల్లున్నవాళ్లకో మాట. మన తర్వాత ప్రొబేట్ కోర్టు (పోయినవాళ్ల ఆస్తి ఎవరికి చెందాలో తేల్చే కోర్టు) చుట్టూ తిరిగే పని లేకుండా ఇల్లు పిల్లలకు చేరాలంటే ‘ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్’ రాసుకోవచ్చు. 2015 నుంచి ఆ వీలుంది. నోటరీ ముందు సంతకం పెట్టేసి, కాగితాన్ని భద్రంగా బీరువాలో దాచేస్తారు చూడండి, బోల్తా పడేది అక్కడే! ఇల్లున్న కౌంటీ క్లర్క్ ఆఫీసులో, మనం బతికుండగానే అది రికార్డు కావాలి. పోయాక తీసుకెళ్తే చిత్తుకాగితమే. కాలిఫోర్నియాలో పట్టింపు ఇంకాస్త ఎక్కువ: ఇద్దరు సాక్షులు ఉండాలి, నోటరీ అయిన 60 రోజుల్లోపు రికార్డు చేయించాలి.

అన్నట్టు, తర్వాత మనసు మారి వీలునామాలో వేరే పేరు రాసినా టెక్సస్‌లో డీడ్‌దే పైచేయి. రద్దు కాగితమూ బతికుండగానే రికార్డు కావాల్సిందే. ఇంటి మీద లోనుంటే అదీ ఇంటితోపాటే పిల్లలకు వెళ్తుంది.