నాట్లకు దిగే ముందు ఆ ట్యూబు పక్కన పెట్టండి

మొన్న మిర్యాలగూడ వైపు నుంచి ఒకామె వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. సంచిలోంచి, తోక నుంచి మూతి దాకా చుట్టేసిన తామర మందు ట్యూబు తీసి నా బల్ల మీద పెట్టింది. "రాస్తె తగ్గుతది మేడం, ఆపితె మళ్ల లేస్తది. నిరుడు నాట్లప్పటి సంది ఇదే కథ." తొడల లోపల చర్మం ఉల్లిపొరలా పలచబడింది. బాలింత పొట్ట మీద ఉండేలాంటి చారలు పడ్డాయి, అవిక పూర్తిగా పోవు. తామరేమో నడుం దాకా పాకింది. అదే ట్యూబు ఎనిమిది నెలల పిల్లకూ గజ్జల్లో పూస్తోందట!

చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూసే పని నాది. సాగర్ ఎడమ కాల్వ కింద నాట్లకు, పాలమూరు పత్తి చేలల్లో కలుపులకు దిగే కాలం వచ్చింది. తడిబట్ట మార్చుకోండి, వేళ్ల సందులు తుడుచుకోండి అని అందరూ చెప్తారు, నేను వదిలేస్తా. ఏం రోగమో తేలకముందు మందుల షాపు ట్యూబు పూయకండి. ఇదే నా మాట.

ఆ ట్యూబుల్లో చాలావాటిలో తామర మందుతో పాటు క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద, ఎరుపు అణిగిపోతాయి. తామర తెచ్చే బూజు (ఫంగస్) చావదు. ఒంటికి దాన్ని ఎదిరించే సత్తువ తగ్గి అది ఇంకా పెరుగుతుంది. ఎత్తుగా ఉండాల్సిన మచ్చ అంచు చెదిరి, డాక్టరు కూడా ఒక చూపులో పోల్చుకోలేని ఆకారం అవుతుంది. స్టెరాయిడ్ పూతలను 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు. పైగా ఇప్పుడు తిరుగుతున్న బూజు మొండిది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, టెర్బినాఫిన్ అనే తామర మందుకు చాలాసార్లు లొంగదు.

అసలది తామరే కాకపోతే? ఒకాయన పిక్క మీది పాలిపోయిన మచ్చకు రెండేళ్లు ట్యూబే పూశాడు. దురద లేదు, అయినా పూశాడు. మచ్చ మీద బండి సైలెన్సర్ కాల్చిన బొబ్బ ఉంది, ఎప్పుడు కాలిందో ఆయనకు తెలీదు. కుష్టు. కళ్లు మూయించి మచ్చ మీద దూది తాకించండి. స్పర్శ తెలియకపోతే వెంటనే సర్కారు దవాఖానకు పోండి. మందు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో. ఆలస్యమైతే వంగిన వేళ్లు మందుతో సాపు కావు.

రాత్రి దురద, వేళ్ల సందుల్లో గుల్లలు, ఇంట్లో ముగ్గురికి ఉంటే గజ్జి. పెర్మెత్రిన్ అనే పూతమందు రాసేది ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి, వారానికి మళ్లీ.

వరిచేల దగ్గర లైటు కింద పడుకుని లేచేసరికి కొరడా దెబ్బలాంటి ఎర్రగీత ఉంటే అది పురుగు రసం. నలుపూ నారింజా చారల సన్నపురుగు, కరవదు. మీద వాలితే ఊదేయండి, నలపకండి. సబ్బుతో కడగండి. సర్పి అనుకుని జాజు పూయకండి.

నిజం సర్పి ఒక పక్కనే వస్తుంది, ముందు నొప్పి. మూడు రోజుల్లోపు మందు పడాలి. కంటి దగ్గరైతే అదే రోజు.

తాగేవాళ్లకు మెడ చుట్టూ, ఎండ తగిలే చేతుల మీద నల్లబడి పొట్టు రాలితే పెల్లాగ్రా, విటమిన్ లోపం. పూతలతో పోదు.

ఫిట్స్ గోలీ లాంటి కొత్త మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో ఒళ్లంతా మచ్చలు, నోట్లో పుండ్లు, ఎర్రకళ్లు వస్తే తర్వాతి గోలీ మింగకండి. ఆ గోలీల అట్టతో అప్పుడే పెద్దాసుపత్రికి.

ట్యూబు అప్పివ్వకండి. పిల్లలకు పూయకండి. ముఖానికి అసలే వద్దు. నెలల తరబడి పూసి ఆపితే మంట రేగుతుంది, మళ్లీ పూయకండి, ఆ వారమే చూపించుకోండి. పరీక్షకు ఏదీ పూసుకుని రాకండి, పూత కింద బూజు దారాలు నాకు దొరకవు. ఖాళీ ట్యూబు మాత్రం తెండి. ఏం పూశారో దాని వెనక చిన్నక్షరాల్లో చదువుకుంటాం.