షూటింగ్‌కు బయలుదేరే ముందు: డిజిటల్ మీడియా విద్యార్థులకు జాగ్రత్తలు

కళాశాలలో కెమెరా చేతికి ఇవ్వగానే సంచిలో పెట్టేయకండి. అక్కడే పది సెకన్లు రికార్డు చేసి, వెనక్కి వేసి చూడండి.

• మెమరీ కార్డు: పాత ఫుటేజీ రెండు చోట్ల కాపీ అయిందని కళ్లారా చూశాకే ఫార్మాట్ చేయండి, అదీ కంప్యూటర్‌లో కాదు, కెమెరాలోనే.

• బ్యాటరీలు: ముందురోజు రాత్రే ఛార్జింగ్ పెట్టండి. అదనంగా ఒకటి ఉండాల్సిందే.

• శబ్దం: నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. చిత్రం కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకులు ఓర్చుకుంటారు. మాట వినబడకపోతే ఓర్చుకోరు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ఫ్యాను హోరు, చొక్కాకు మైకు రాసుకునే గరగర అప్పుడే బయటపడతాయి. శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు నమూనా తీసే 48 కిలోహెర్ట్జ్ సెట్టింగ్‌లో రికార్డు చేయండి. గొంతు పెంచినప్పుడు కూడా శబ్ద స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాపుల్లోనే ఉండాలి. చివర్లో అందరినీ ఊరుకోమని, 30 సెకన్ల పాటు ఆ గది నిశ్శబ్దాన్నీ రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులను కప్పేది అదే.

• వెలుతురు: కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట షట్టరు వేగం, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం, సెకనులో 1/50 లేదా 1/100 పెట్టండి. లేకపోతే ట్యూబులైట్ల వెలుగు మినుకుమినుకుమంటుంది.

• అనుమతి: తెరపై కనిపించేవారి సమ్మతిని ముందే రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం కావాలి.