పాత పికప్‌లో ఇండికేటర్ కొట్టకపోతే ముందే ఫ్లాషర్ కొనకండి

పాత టాటా 207 అయినా, పాత బొలెరో పికప్ అయినా, ఇండికేటర్ కొట్టడం మానేసిందంటే మనవాళ్లు చేసే మొదటి పని షాపుకెళ్లి కొత్త ఫ్లాషర్, అంటే ఇండికేటర్‌ని ఆపి ఆపి వెలిగించే చిన్న డబ్బా, తెచ్చి పెట్టడం. ఒక్కోసారి బాగవుతుంది, నిజమే. కానీ నెల్లూరు జిల్లాలో కావలి, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల లోడ్లకి తిరిగే బళ్లలో ఎక్కువసార్లు జబ్బు ఉండేది వెనక లైటు దగ్గర ఎర్త్‌లో, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే దారిలో. అక్కడ చూడకుండా డాష్‌బోర్డు కింద ఎన్ని సామాన్లు మార్చినా డబ్బులు దండగ. ఇది రేపు చూద్దాంలే అని వదిలేసే రిపేరు కూడా కాదు. హైవే మీద రాత్రిపూట డివైడర్ గ్యాప్ దగ్గర కుడికి తిరిగేటప్పుడు, వెనక లోడుతో వస్తున్న లారీ డ్రైవరుకి మన సంగతి ముందుగా తెలిసేది ఆ పసుపు లైటుతోనే.

స్క్రూడ్రైవర్ పట్టకముందే, సీట్లో కూర్చుని సగం జబ్బు తేల్చేయొచ్చు. ముందు హజార్డ్ స్విచ్, అంటే నాలుగు ఇండికేటర్లనీ ఒకేసారి కొట్టించేది, నొక్కండి. నాలుగు మూలలా సక్రమంగా కొడుతుంటే బల్బులు, వాటి వైర్లు బాగున్నట్టే, చాలా బళ్లలో హజార్డ్‌కీ ఇండికేటర్‌కీ ఒకటే ఫ్లాషర్ కాబట్టి అది కూడా బాగున్నట్టే. ఇక చూడాల్సింది కీ ఆన్ చేస్తే ఇండికేటర్‌కి కరెంటు ఇచ్చే ఫ్యూజు, హజార్డ్ స్విచ్, స్టీరింగ్ కింద ఉండే, ఇండికేటర్ వేసే కాంబినేషన్ స్విచ్, అంతే. హజార్డ్ స్విచ్ ఎందుకంటారేమో, చాలా బళ్లలో ఇండికేటర్ కరెంటు దాని గుండానే పోతుంది, ఏళ్ల తరబడి ఎవరూ నొక్కక లోపల కాంటాక్టులు నల్లబడిపోతాయి. ఓ ఇరవైసార్లు గట్టిగా ఆన్, ఆఫ్ చేసి చూడండి, పైసా ఖర్చు లేకుండా బాగయ్యే బళ్లున్నాయి. హజార్డ్‌లో కుడివైపు కొట్టి, మామూలుగా కుడి ఇండికేటర్ వేస్తే కొట్టకపోతే అనుమానం కాంబినేషన్ స్విచ్ మీదికి పోతుంది. రెండిట్లోనూ కొట్టకపోతే ఆ వైపు బల్బులో, వైరులో, ఎర్త్‌లో వెతకాలి.

తర్వాత వేగం వినండి. నిబంధన ప్రకారం నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టాలి. ఒకవైపు మాత్రం టకటకా అదరగొడుతుంటే ఆ వైపు ఒక బల్బు పోయింది, లేదా దానికి కరెంటు సరిగా అందట్లేదు. మరీ పాత రకం, లోపల రేకు వేడెక్కి కొట్టే ఫ్లాషర్ అయితే దీనికి తిరగబడి నెమ్మదిగా కొడుతుంది, లేదా వెలిగి అట్లాగే నిలబడిపోతుంది. ఇండికేటర్‌లో ఉండాల్సింది సాధారణంగా 12 వోల్టుల 21 వాట్ల బల్బు. ఎవరైనా తొందరలో బైకు బల్బు 10 వాట్లది పెట్టినా, ఎల్‌ఈడీ పెట్టినా వేగం మారిపోతుంది, అందులో ఫ్లాషర్ తప్పేం లేదు. ఎల్‌ఈడీలే కావాలంటే వాటికి సరిపోయే ఫ్లాషర్ కూడా వేయించుకోండి.

ఇక వెనక లైటు దగ్గరికి రండి, అసలు పని ఇక్కడే. ట్రేలలో ఐసు కరిగి ఉప్పునీళ్లు కారి డోరు మీదుగా లైట్ల మీదికి వస్తాయి, దానికి తోడు సముద్రపు గాలి. అద్దం స్క్రూలు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటే ముందు కొంచెం డీజిల్ గానీ తుప్పు వదిలే ఆయిల్ గానీ వేసి కాసేపు ఆగండి, బలవంతం చేస్తే అద్దం పగులుతుంది. విప్పగానే అడుగున నీళ్లు కనిపిస్తాయి, బల్బు మూతి చుట్టూ తెల్లటి పొడి, హోల్డర్‌లో పచ్చటి చిలుము. బల్బు తీసి, లోపలి తీగ బాగానే ఉంటే పారేయకండి, దాని మూతినీ హోల్డర్‌నీ సన్న గాజుకాగితంతో మెరిసేదాకా రుద్దండి. అడుగున స్ప్రింగు నొక్కితే పైకి లేవాలి, లేవకపోతే హోల్డర్ మార్చాల్సిందే.

ఎర్త్ పోయిందని గుర్తుపట్టడం తేలిక. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలుగుతుందా? ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు కూడా దాంతోపాటు కొట్టుకుంటుందా? అదే ఎర్త్ జబ్బు. కరెంటుకి తిరిగి పోయే దారి లేక పక్క బల్బులోంచి వెతుక్కుంటోంది. రుజువు కావాలంటే బ్యాటరీ మైనస్ నుంచి పొడవాటి వైరు తెచ్చి హోల్డర్ ఇనుముకి ఆనించండి. వెంటనే లైటు తెల్లారినట్టు వెలిగితే ఇంకేం వెతకక్కర్లేదు. మల్టీమీటర్ ఉన్నవాళ్లు పార్కింగ్ లైట్లు వేసి, ఒకరితో బ్రేకు తొక్కించి, హోల్డర్ ఇనుముకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య ఎన్ని వోల్టులుందో చూడండి. సున్నాకి దగ్గరగా ఉండాలి, అర వోల్టు దాటిందంటే ఎర్త్ బాగాలేదు.

ఎర్త్ కొత్తగా వేయడానికి హోల్డర్ నుంచి విడిగా ఒక వైరు లాగి, చివర రింగు లగ్గు, అంటే బోల్టు దూరే గుండ్రటి కొస, పెట్టి, ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద గట్టి బోల్టు కింద బిగించండి. తొట్టి రేకుకి బిగించొద్దు, దానికీ ఛాసిస్‌కీ మధ్యే తుప్పు ఉంటుంది. బోల్టు కింద పెయింటు గీకి ఇనుము కనపడాలి, బిగించాక పైన గ్రీజు పూయాలి. ఈ గ్రీజు సంగతి మర్చిపోతే వచ్చే వానాకాలానికి మళ్లీ ఇదే పని.

ఇవన్నీ చూశాకే ఫ్లాషర్. దాన్ని పీకి, సాకెట్‌లో 49, 49ఎ అని ఉన్న రెండు పిన్నుల చోటుని, కొన్నిట్లో బి, ఎల్ అని ఉంటుంది, చిన్న వైరు ముక్కతో కలిపి, కీ ఆన్ చేసి ఇండికేటర్ వేయండి. లైటు కొట్టకుండా నిలకడగా వెలిగితే ఫ్లాషర్ పోయినట్టే, ఇప్పుడు కొనండి. 31 లేదా ఇ అని ఉన్న మూడో పిన్ను ఎర్త్, దాని జోలికి వైరు పోనివ్వొద్దు, ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఫ్యూజు మాటొచ్చింది కాబట్టి, మార్చిన వెంటనే మళ్లీ పోతుంటే రాగి తీగ చుట్టి నడపడం మాత్రం చేయొద్దు, దయచేసి. ఎక్కడో వైరు ఒరుసుకుని ఛాసిస్‌కి తగులుతోందని అర్థం, తీగ చుడితే కాలేది వైరింగే. సముద్రానికి దూరంగా పొదిలి, కనిగిరి వైపు ఉప్పునీళ్ల గొడవ లేకపోయినా గడ్డివాముల పక్కన, గోడౌన్లలో ఆపిన బళ్లకి ఎలుకల బెడద ఉంటుంది. ఛాసిస్ వెంబడి వైరు కట్ట మొత్తం చేత్తో తడుముతూ పోండి. కోసి అతికించాల్సి వస్తే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి, ఉత్తి మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా జాయింట్ టంకం వేయించండి.

అంతా అయ్యాక పార్కింగ్ లైట్లు, హెడ్‌లైటు, బ్రేకు, ఇండికేటర్ అన్నీ ఒకేసారి వేసి, వెనక ఒకరిని నిలబెట్టి రెండు వైపులా చూడమనండి. వెనక డోరు తెరిచి, మూసి, తొట్టిని చేత్తో ఊపి మళ్లీ ఒకసారి చూడండి, లూజ్ కాంటాక్ట్ ఉంటే అప్పుడే బయటపడుతుంది.