నైట్ షిఫ్ట్ అయ్యాక కారు తాళం తీసే ముందు

పోయిన వారం ప్యాకింగ్ షెడ్‌లో నైట్ షిఫ్ట్ ముగించుకుని రూముకు వస్తున్న ఐదుగురి కారు తెల్లవారుజామున రోడ్డు దిగి చెట్టుకు గుద్దుకుంది. మలుపు లేదు, వాన లేదు, ఎదురుగా బండి లేదు. బ్రేక్ వేసిన గుర్తు కూడా లేదు. నడిపే అబ్బాయికి కన్ను మూతపడింది. మిగతా నలుగురూ అప్పటికే నిద్రలో ఉన్నారు.

ఆస్ట్రేలియాలోని మిల్డ్యూరా ద్రాక్షకో, షెపార్టన్ పియర్ తోటలకో ఈ సీజన్‌లో కొత్తగా వస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెబుతున్నాను. సీట్ బెల్టు, స్పీడ్ లిమిట్ మీకు తెలిసినవే. ఇక్కడ నా కళ్ళముందు మనుషుల్ని ముంచింది ఒకటే మాట: "ఇంకో అరగంటే కదా, పోదాం పద."

పదిహేడు గంటలు మేలుకున్న మనిషి డ్రైవింగ్, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి డ్రైవింగ్‌లా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. ఆస్ట్రేలియాలో ఫుల్ లైసెన్స్ వాళ్ళకు కేసు పడే హద్దు అదే. చుక్క తాగకుండానే అక్కడికి చేరిపోతాం. 100 స్పీడులో నాలుగు సెకన్ల కునుకు పడితే బండి 110 మీటర్లు దాని దారిన అది పోతుంది. పాటల సౌండు పెంచినా, అద్దాలు దించినా నిద్ర ఆగదు. షెడ్ పార్కింగ్‌లోనే ఇరవై నిమిషాలు పడుకోండి. లేచాక ఆ మత్తు వదిలేదాకా ఆగి బయల్దేరండి. లైసెన్స్ ఉన్నవాడు కూడా మీతోపాటే రాత్రంతా నిలబడ్డాడు, అది మర్చిపోకండి. పక్క సీట్లో ఒకరు మేలుకుని ఉండాలి. నడిపేవాడు ఆవలిస్తే, "పర్లేదన్నా" అన్నా సరే, బండి ఆపించండి. అరగంటే కదా అనకండి.

చీకటి పడేటప్పుడు, తెల్లారేటప్పుడు కంగారూలు రోడ్డెక్కుతాయి. అడ్డొస్తే స్టీరింగ్ తిప్పొద్దు, తిన్నగా బ్రేక్ తొక్కండి. తప్పించబోయి బోల్తా పడితే పోయేది మన ప్రాణం.

కంకర రోడ్డు ఎక్కకముందే వేగం తగ్గించండి. చక్రం తారు దిగితే స్టీరింగ్ ఒక్కసారిగా లాగొద్దు. రోడ్ ట్రైన్, అంటే వరసగా ట్రైలర్లు తగిలించిన పెద్ద లారీ, యాభై మీటర్లు దాటి కూడా ఉంటుంది, ముందు రోడ్డంతా కనిపిస్తేనే ఓవర్‌టేక్ చేయండి. యూట్ (పికప్ బండి) వెనక ట్రేలో మనిషి ఎక్కకూడదు. పీ ప్లేట్ (కొత్త డ్రైవర్ల ప్రొవిజనల్ లైసెన్స్) ఉంటే ఒక్క బీరు కూడా వద్దు. ఇండియా లైసెన్స్ ఎన్నాళ్ళు చెల్లుతుందో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఇవాళే చూసుకోండి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడిచిపోకండి. నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. ప్రమాదమైతే ఎమర్జెన్సీ నంబర్ 000కి ఫోన్ చేయండి. అరగంటే కదా అని ఎవరన్నా తాళాలు వాళ్ళ చేతికివ్వకండి. రేపు షిఫ్ట్‌కు వెళ్ళేటప్పుడే డిక్కీలో ఒక దిండు, దుప్పటి పడేసుకోండి.